సందేహాలు – సమాధానాలు: గుణానికీ సాగు కావాలి

ప్రాచీన చైనా తత్వవేత్తల మీద, ముఖ్యంగా మనిషి తనను తాను దిద్దుకోవడం గురించి వాళ్లు చెప్పిన విషయాల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

మా వాకింగ్ గ్రూపులో రోజూ పొద్దున్నే కన్ఫ్యూషియస్ సూక్తి అని ఒకటి పంపుతారు. అదే మాట వారం తిరక్కుండానే బుద్ధుడి పేరు మీద వస్తుంది. నచ్చిన ఉద్యోగం ఎంచుకుంటే జీవితంలో ఒక్కరోజు కూడా పని చేసినట్టు ఉండదన్న మాట నిజంగా ఆయనదేనా? ఇంతకీ ఆయన రాసిన పుస్తకం ఏది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, ఆ ఉద్యోగం మాట ఆయనది కాదు. ఆయన మాటలుగా మనకు దక్కిన ముఖ్య గ్రంథం 'లున్‌యు'. ఇంగ్లీషు చదువరులు దాన్నే 'అనలెక్ట్స్' అంటారు. 20 అధ్యాయాల చిన్న పుస్తకం. ఎంత వెతికినా ఆ మాట అందులో దొరకదు. వెయ్యి మైళ్ల ప్రయాణం గురించిన మాట కూడా ఆయన ఖాతాలో పడుతుంటుంది. అది లావోజి పేరుతో ఉన్న 'తావో తె చింగ్'లోది. అక్కడ ఉన్నది కూడా మైలు కాదు, 'లీ' అనే చైనా కొలత.

లున్‌యు ఆయన కూర్చుని రాసింది కాదు. ఆయన పోయాక శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు గుర్తున్నవన్నీ పోగుచేశారు. అందుకే ఒక వరస కనిపించదు. ఒకచోట రాజ్యం ఎలా నడపాలన్న చర్చ ఉంటే, మరోచోట ఆయన భోజనంలో అల్లం ఉండాల్సిందేననీ, చాప సరిగ్గా పరచకపోతే దాని మీద కూర్చునేవాడు కాదనీ ఉంటుంది. నాకు ఆ అధ్యాయమంటే ఇష్టం. బోధించినవాడు ఎలా బతికాడో శిష్యులు అంత దగ్గరగా గమనించారు.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో లు అనే రాజ్యంలో, ఇప్పటి షాన్‌డాంగ్ రాష్ట్రంలోని చూఫూ ప్రాంతంలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. వయసులో ఉండగా ధాన్యపు కొట్ల లెక్కలు రాశాడు, పశువుల మందల బాధ్యత చూశాడు. యాభై దాటాక, తన మాట వినే రాజు దొరుకుతాడేమోనని పద్నాలుగేళ్ల దాకా రాజ్యాలు పట్టుకు తిరిగాడు. దొరకలేదు. తిరిగొచ్చి పాఠాలు చెప్పుకుంటూ క్రీ.పూ. 479లో కన్నుమూశాడు. తాను మహాత్ముణ్ణని ఎన్నడూ చెప్పుకోలేదు, నేర్చుకోవడం మీద తనకున్న ఇష్టం ఒక్కటే చెప్పుకున్నాడు.

'తావో' అంటే మన ధర్మమేనా? – ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

తావో అంటే నేరుగా దారి. ఈ ప్రశ్న మీకంటే ముందు ఒక మహానుభావుడికి ఎదురైంది. భారతదేశమంతా తిరిగి 645లో చైనా చేరుకున్న హ్యూయన్‌త్సాంగ్‌ను, తావో తె చింగ్‌ను సంస్కృతంలోకి తెమ్మని తాంగ్ చక్రవర్తి తైజాంగ్ 647లో ఆదేశించాడు. తావోకి సంస్కృతంలో 'బోధి' అని పెట్టమని అక్కడి తావో పండితులు పట్టుబట్టారు. ఆయన 'మార్గం' అన్న మాట దగ్గరే నిలబడ్డాడు. మన ధాన్యకటకం దాకా వచ్చి ఇక్కడి విహారాలు చూసి వెళ్లిన మనిషి ఆయన, రెండు భాషల బరువూ తెలిసినవాడు. ఆయన తీర్పే సరైనదని నా నమ్మకం.

ఇక 'తె'. సద్గుణం అని అనువదించి వదిలేస్తాం. ఆ చైనా అక్షరంలో మూడు ముక్కలు కనిపిస్తాయి: అడుగు వేయడం, తిన్నగా ఉండటం, హృదయం. కన్ఫ్యూషియస్‌కు ప్రాణమైన 'రెన్' అనే మాట తీసుకున్నా అంతే. మానవత్వం, దయ, సాటిమనిషి పట్ల ఉండాల్సిన తీరు అన్నీ అందులో ఉన్నాయి. దాని అక్షరంలో ఒక పక్క మనిషి, రెండో పక్క 'రెండు' అనే అంకె ఉంటాయి. ఒంటరిగా కూర్చుంటే వచ్చే గుణం కాదు అది.

ఆ గుణానికి ఆచరణ రూపంగా, తనకు ఇష్టం లేనిది ఇతరులకు చేయకూడదన్న సూత్రం లున్‌యులో రెండు చోట్ల వస్తుంది. తిక్కన భారతం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు.

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి నా పర్సులోంచి రెండు వందలు తీసి, అడిగితే తీయలేదని బొంకాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా అత్తగారు అందరి ముందూ అనేశారు. వాడు అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. మనిషి బుద్ధి మారదా? – ఒక తల్లి, కర్నూలు

అమ్మా, సరిగ్గా ఈ ప్రశ్న మీదే చైనాలో ఇద్దరు గొప్పవాళ్లు రెండు వైపులా నిలబడ్డారు. ఇద్దరూ కన్ఫ్యూషియస్ దారివాళ్లే.

క్రీ.పూ. నాలుగో శతాబ్దపు మెన్షియస్ మనిషి స్వభావం మంచిదంటాడు. ఆయన చూపించిన ఉదాహరణ ఇది: ఒక పసివాడు పాక్కుంటూ బావి అంచుకు చేరాడు, ఇంకో క్షణంలో పడిపోతాడు. చూసినవాడు ఎవడైనా సరే, గుండె గుభేలుమంటుంది. ఆ పిల్లాడి తల్లిదండ్రుల మెప్పు కోసమో, ఊళ్లో పేరు కోసమో కాదు. లెక్కలు వేసుకునే లోపలే అది జరిగిపోతుంది. ఇలాంటి మొలకలు ప్రతి మనిషిలో నాలుగున్నాయన్నాడు: జాలి, సిగ్గు, ఎదుటివారికి దారి ఇచ్చే మర్యాద, తప్పొప్పుల ఎరుక.

మరి చెడ్డవాళ్లు ఎందుకున్నారు? దానికి ఆయన ఒక కొండ కథ చెప్పాడు. ఎద్దు కొండ అని, పెద్ద నగరం పక్కన ఉండేది. ఒకప్పుడు దాని నిండా చెట్లే. జనం గొడ్డళ్లు పట్టుకెళ్లి కొట్టేశారు. అయినా రాత్రిళ్లు మంచు పడి, వానలు కురిసి, చిగుళ్లు వేస్తూనే ఉన్నాయి. తెల్లారగానే ఆవుల్నీ గొర్రెల్నీ తోలేవాళ్లు, చిగుళ్లు మేసిపోయేవి. చివరికి బోడికొండ మిగిలింది. ఇప్పుడు చూసినవాళ్లు ఈ కొండ మీద చెట్లు పుట్టే యోగమే లేదనుకుంటారు.

తర్వాతి శతాబ్దపు షున్‌జి ఒప్పుకోలేదు. మనిషి స్వభావం చెడ్డదేనన్నాడు. వంకర కొయ్యను ఆవిరి పట్టి, బిగించి కట్టి తిన్నగా చేసినట్టు, మొద్దు ఇనుమును సాన పెట్టినట్టు మనిషిని గురువూ చదువూ మర్యాదలూ దిద్దాలన్నాడు. అయితే తిన్నని కొయ్యను కూడా వేడి చేసి బండిచక్రంగా వంచవచ్చని ఆయనే చెప్పాడు. మొక్కై వంగనిది మానై వంగునా అనే మన సామెతకు షున్‌జి తల ఊపేవాడు కాదు. అంటే ఇద్దరిలో ఎవరి మాట తీసుకున్నా మీ అబ్బాయి మారతాడు. మారడని అన్నవాళ్లు ఆ ఇద్దరిలో లేరు.

నేను మెన్షియస్ పక్షం. ఒకటి గుర్తుచేసుకోండి. అబద్ధం బయటపడినప్పుడు వాడి మొహం ఎలా ఉంది? తల దించుకున్నాడా, చెవులు ఎర్రబడ్డాయా? అదే సిగ్గు, మెన్షియస్ చెప్పిన మొలక. దాన్ని బంధువుల ముందు పెట్టి అవమానించడం చిగురు మీదికి గొర్రెల్ని తోలడమే. వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టుకుని, తీసింది దేనికో అడగండి, ఆ రెండు వందలు వాడి చేతే కూడబెట్టించి తిరిగి తీసుకోండి. అత్తగారికి మీరే నెమ్మదిగా చెప్పండి.

మా నాన్నగారు కన్ఫ్యూషియస్ పేరు తరచూ ఎత్తుతారు. తల్లిదండ్రుల మాటకు ఎదురు చెప్పకపోవడమే ఆయన బోధలో మొదటి ధర్మం అంటారు. ఇప్పుడు మా బాబాయి వాటా పొలం విషయంలో తప్పుడు కాగితం మీద సాక్షి సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే కొడుకునే కాదంటున్నారు. – పేరు వద్దన్నారు, విజయవాడ

బాబూ, సంతకం పెట్టకండి. కన్ఫ్యూషియస్ పేరు చెప్పి పెట్టమంటున్నారు కాబట్టి, ఆయన సంప్రదాయంలోనే ఉన్న ఒక కథ చెబుతాను.

కన్ఫ్యూషియస్ శిష్యుల్లో జెంగ్ షెన్ తండ్రిభక్తికి పేరుమోసినవాడు. ఒకరోజు పుచ్చ పాదుల్లో కలుపు తీస్తూ పొరపాటున మొక్కల వేళ్లు కోసేశాడు. తండ్రి దుడ్డుకర్ర తీసుకుని వీపు మీద బాదాడు. జెంగ్ షెన్ స్పృహ తప్పి పడిపోయాడు. తెలివి వచ్చాక లేచి, తండ్రి దగ్గరికెళ్లి, అంత బలంగా కొట్టారు కదా మీకు చెయ్యి నొప్పి పుట్టలేదు కదా అని అడిగాడు. గదిలోకి వెళ్లి వీణలాంటి వాయిద్యం అందుకుని పాడాడు కూడా, తనకేమీ కాలేదని తండ్రికి వినిపించాలని. ఇది విని గురువు మెచ్చుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన మండిపడ్డాడు. జెంగ్ షెన్ వస్తే లోపలికి రానివ్వద్దని శిష్యులతో అన్నాడు. చిన్న బెత్తమైతే ఓర్చుకోవాలి, దుడ్డుకర్ర ఎత్తితే పారిపోవాలి, ప్రాచీన కాలపు షున్ చక్రవర్తి తన తండ్రి దగ్గర అలాగే చేశాడని చెప్పాడు. నువ్వు అక్కడే నిలబడి చచ్చిపోయి ఉంటే తండ్రిని హంతకుణ్ణి చేసేవాడివి, అంతకంటే పితృద్రోహం ఏముంటుందన్నది ఆయన కోపానికి కారణం.

మీ నాన్నగారు ఎత్తింది దుడ్డుకర్రే. దాని కింద నిలబడితే ఆయన నేరస్థుడవుతారు, మీరూ అవుతారు. తల్లిదండ్రులు తప్పు చేస్తుంటే మెత్తగా చెప్పాలి, వినకపోయినా గౌరవం తగ్గించకుండా మళ్లీ చెప్పాలి అని లున్‌యు నాలుగో అధ్యాయం అంటుంది. పితృభక్తి కోసమే పుట్టిన 'షియావో జింగ్' అనే గ్రంథంలో, తండ్రి ప్రతి ఆజ్ఞకూ తలవంచడమే భక్తి అవుతుందా అని శిష్యుడు అడిగితే గురువు గట్టిగా కాదంటాడు. తప్పును వారించే కొడుకు ఉన్న తండ్రే పాపంలో పడకుండా నిలుస్తాడన్నది అక్కడి సారం.

మీ నాన్నగారు తిరిగి అడగగలిగేది ఒకటుంది, అది దాచను. గొర్రెను దొంగిలించిన తండ్రి మీద సాక్ష్యం చెప్పిన కొడుకును ఒక ప్రభువు పొగిడితే, మా ఊళ్లో తండ్రి కొడుకును దాస్తాడు, కొడుకు తండ్రిని దాస్తాడు అని కన్ఫ్యూషియస్ బదులిచ్చినట్టు లున్‌యులో ఉంది. దీని మీద వాదాలు నేటికీ ముగియలేదు. నా మటుకు నేను దీన్ని ఇలా చదువుతాను: తండ్రిని మీరే పోలీసులకు పట్టివ్వనక్కర్లేదు. కానీ ఆ గొర్రెను తోలుకురావడానికి తోడు వెళ్లమని ఆయన ఎక్కడా చెప్పలేదు. రెండోసారి, మూడోసారి కూడా మెత్తగానే చెప్పండి. బాబాయితో రాకపోకలు మానకండి.

గ్రూప్స్, సివిల్స్ రెండింటికీ చదువుతున్నాను. ఎథిక్స్ పేపర్ కోసం ఈ చైనా తత్వం కూడా నోట్సు రాసుకున్నాను. ఇంత నీతి చదివినా నాలో ఏ మార్పూ లేదనిపిస్తోంది. – నిజామాబాద్

ఆ అనుమానం రావడమే మంచిది. చైనాలో ఇలాంటి పరీక్ష ఎంతకాలం నడిచిందో తెలుసా? 12వ శతాబ్దంలో జూ షి అనే పండితుడు లున్‌యు, మెన్షియస్, మహావిద్య, మధ్యమ మార్గం అనే నాలుగు గ్రంథాలను కలిపి వ్యాఖ్యానం రాశాడు. 1313లో అవి ఉద్యోగాల పరీక్షకు పాఠ్యాలయ్యాయి. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యేదాకా కుర్రాళ్లు తరతరాలుగా వాటిని కంఠస్థం చేశారు. అలా నెగ్గిన అధికారుల్లో లంచగొండులు కొల్లలు.

ఆ చదువుతో విసిగినవాడే వాంగ్ యాంగ్‌మింగ్ (1472–1529). ప్రతి వస్తువులోనూ ఉన్న తత్వాన్ని పరిశీలించాలన్న జూ షి మాట పట్టుకుని, కుర్రతనంలో పెరట్లోని వెదురు పొద ముందు కూర్చున్నాడు. తోడు కూర్చున్న స్నేహితుడు మూడు రోజులకే జబ్బుపడ్డాడు. ఏడో రోజుకు వాంగ్ కూడా మంచం పట్టాడు. వెదురు ఏమీ చెప్పలేదు. తర్వాత, పెత్తనం చేస్తున్న ఒక కొజ్జా అధికారిని ఎదిరించినందుకు కొరడా దెబ్బలు తిని, గుయిజౌ కొండల్లోని లోంగ్‌చాంగ్ అనే మారుమూల మజిలీకి ప్రవాసం వెళ్లాడు. ఆ ప్రవాసంలోనే ఆయనకు వెలిగింది: తెలియడం, చేయడం రెండు వేర్వేరు పనులు కావు. చెడు వాసన తగలడం, ముక్కు ముడుచుకోవడం ఒకటే కదా. తండ్రిని చూసుకోని కొడుకుకు పితృభక్తి గురించి ఎంత తెలిసినా, అది తెలిసినట్టు కాదన్నాడు.

మీ నోట్సులో ఒక్క పేజీ తీసుకోండి. అందులో ఈరోజు మీ హాస్టల్ గదిలో, మెస్‌లో, ఇంటికి చేసే ఫోనులో చేయగలిగింది ఏదైనా ఉంటే ముందు అది చేయండి. పరీక్షకూ పనికొస్తుంది, సొంత ఉదాహరణ దొరుకుతుంది.

ఈ బోధలన్నీ మగవాళ్లకేనా? – డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

చాలావరకు అవును. ఆదర్శ పురుషుణ్ణి వాళ్లు 'జున్‌జి' అన్నారు, రాచబిడ్డ అని మొదటి అర్థం. స్త్రీలను చిన్నచూపు చూసే వాక్యం లున్‌యులోనే ఉంది. దాన్ని సమర్థించే పని నేను పెట్టుకోను. క్రీ.శ. మొదటి శతాబ్దంలో పుట్టిన బాన్ జావ్ గురించి చదవండి. అన్న అసంపూర్ణంగా వదిలేసిన హాన్ వంశ చరిత్రను పూర్తిచేసిన విదుషి. ఆవిడ ఆడపిల్లల కోసం రాసిన పుస్తకంలో అణకువ పాఠాలు మనల్ని నొప్పిస్తాయి. ఆ పుస్తకంలోనే, మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలకూ ఎనిమిదో ఏటి నుంచి చదువు చెప్పించాలని వాదించింది.

నేను ఆస్పత్రిలో నర్సుని. డ్యూటీలో ఎవరేమన్నా నోరెత్తను. ఇంటికొచ్చాక పిల్లల మీద అరుస్తాను. ప్రతి ఉగాదికీ ఇక కోప్పడకూడదని ఒట్టు పెట్టుకుంటాను, వారం తిరక్కుండా తప్పుతాను. నాకు చేతకాదేమో అనిపిస్తోంది. – వరంగల్

అమ్మా, అత్త మీద కోపం దుత్త మీద చూపడం మీ ఒక్కరి జబ్బు కాదు. కన్ఫ్యూషియస్ శిష్యుల్లో అందరికంటే ప్రియమైనవాడు యెన్ హుయ్. ఇరుకు సందులో, గిన్నెడు అన్నం, సొరబుర్రలో నీళ్లతో సంతోషంగా బతికాడు, చిన్న వయసులోనే పోయాడు. నీ శిష్యుల్లో నేర్చుకోవడం మీద నిజమైన ఇష్టం ఎవరికి ఉందని ఒక రాజు అడిగితే, గురువు అతని పేరే చెప్పి రెండు గుణాలు ఎంచాడు: ఒకరి మీది కోపం మరొకరి మీద చూపేవాడు కాదు, చేసిన తప్పు మళ్లీ చేసేవాడు కాదు. ఎన్ని పుస్తకాలు చదివాడో ఆ రాజుకు చెప్పలేదు. మీరు మోస్తున్న కష్టం ఆయన దృష్టిలో అంత పెద్ద చదువన్నమాట. అలాంటిది ఒక ఉగాది ఒట్టుతో రావాలనుకోవడమే పొరపాటు.

సాంగ్ అనే రాజ్యపు రైతు కథ మెన్షియస్ చెప్పాడు. మడిలో మొక్కలు ఎదగడం లేదని బెంగపడి, ఒక్కో మొక్కనూ పట్టుకుని కాస్త పైకి లాగాడట. సాయంత్రం ఇల్లు చేరి, ఈరోజు ఒళ్లు హూనమైంది, పైరు ఎదగడానికి సాయం చేసొచ్చానన్నాడు. కొడుకు పరుగెత్తి చూస్తే అన్నీ వాడిపోయి ఉన్నాయి. అసలు కలుపే తీయనివాడూ తప్పు చేస్తున్నాడు, మొక్కను పట్టి లాగేవాడూ తప్పు చేస్తున్నాడు అన్నాడాయన. నాట్లు వేసిన చేతులకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. కృషి అన్న మాటకు అసలు అర్థం సాగు అన్న సంగతి మనమే మరిచిపోయాం.

మరి రోజూ చేయాల్సిన కలుపు తీత ఏమిటి? 11వ శతాబ్దపు సాంగ్ వంశ కాలంలో జావ్ షూపింగ్ అనే అధికారి పాటించిన పద్ధతిని జూ షి తన శిష్యులకు చెప్పాడు. ఒక గిన్నెలో నల్ల గింజలు, మరో గిన్నెలో తెల్ల గింజలు పోసుకునేవాడు. మధ్యలో ఖాళీ గిన్నె. మంచి తలపు కలిగితే తెల్ల గింజ, చెడు తలపు కలిగితే నల్ల గింజ ఆ ఖాళీ గిన్నెలో వేసేవాడు. రాత్రి దాన్ని బోర్లించి లెక్క చూసుకునేవాడు. మొదట్లో నల్లవే ఎక్కువ. కొన్నాళ్లకు రెండూ సమానమయ్యాయి. ఇంకొన్నాళ్లకు తెల్లవి ఎక్కువయ్యాయి. చివరికి గింజల అవసరమే పోయింది. నల్లవి ఎక్కువ పడ్డ రోజున తనను తాను శిక్షించుకున్నాడని ఆ కథలో లేదు. లెక్క చూసుకున్నాడు, మర్నాడు మళ్లీ గిన్నె పెట్టుకున్నాడు, అంతే.

మీ వంటింట్లో మినుములూ బొబ్బర్లూ ఉంటాయి. పిల్లల మీద అరిచినప్పుడు ఒక మినప గింజ వేయండి. అరవబోయి ఆగినప్పుడు, లేదా అరిచాక దగ్గరికి తీసుకుని ఆస్పత్రిలో జరిగింది చెప్పినప్పుడు ఒక బొబ్బర గింజ వేయండి. మొదటి నెల గిన్నె నల్లగానే ఉంటుంది, భయపడకండి. వచ్చే ఉగాదికి ఒట్టు పెట్టుకోకండి. గిన్నెలో ఏ రంగు గింజలు ఎక్కువ ఉన్నాయో మాకొక ఉత్తరం రాయండి.